డీజిల్ ట్రక్కుకి ఫ్యూయల్ పంప్: చప్పుడు చేయనిది, దారిలో వదిలేయనిది

 

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, నీ ట్రక్ వీడియోల్లో ముందు ఒక కుయ్‌మనే సౌండ్ వచ్చేది, ఇప్పుడు రావట్లేదు, ఏం చేశావ్?" అని. ఆ సౌండ్ ఫ్యూయల్ పంప్‌ది. ఈ రోజు ఎపిసోడ్ మొత్తం దాని గురించే. ముందే చెప్తున్నా, ఈ వీడియోకి స్పాన్సర్ ఎవరూ లేరు. నేను కొన్న పంప్ కంపెనీ పేరు కూడా చెప్పను, ఎందుకంటే తప్పు పంప్‌ది కాదని చివర్లో తేలింది. అది ఎలా తేలిందో చెప్తా.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం: నేనుండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర. నా దగ్గరున్నది 1999 మోడల్ డాడ్జ్ రామ్ 2500, 5.9 లీటర్ల కమిన్స్ 24 వాల్వ్ డీజిల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. కొన్న ఆరు నెలల్లోనే ట్యూనర్ బాక్స్ పెట్టా, ఇంజెక్టర్లు పెద్దవి వేయించా. పవర్ పెరిగింది. నాకేమో ఒళ్ళు తెలీలేదు.

ఆ రోజు ఏం జరిగిందంటే

ఎండాకాలం, మధ్యాహ్నం. ఐ-45 మీద హ్యూస్టన్ వైపు వెళ్తున్నాం. వెనక ట్రైలర్, దాంట్లో ఫ్రెండ్ వాళ్ల ఇంటి సామాను. క్యాబిన్లో నేను, మా ఆవిడ, వెనక సీట్లో మా నాలుగేళ్ల పాప. కోర్సికానా దాటాక చిన్న ఎత్తు ఎక్కుతుంటే బండి ఒక్కసారి దగ్గింది. యాక్సిలరేటర్ తొక్కితే స్పందన లేదు. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. ఎలాగో పక్కకి లాగా. ఆగిన బండి మళ్ళీ స్టార్ట్ కాలేదు.

రోడ్డు పక్కన షోల్డర్ మీద ఆగి ఉంటే ఎలా ఉంటుందో తెలుసు కదా. పద్దెనిమిది చక్రాల లారీలు పక్కనుంచి వెళ్తుంటే మన బండి ఊగిపోతుంది. ఏసీ లేదు. పాప ఏడుపు. మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. వాళ్ళిద్దర్నీ ఫెన్సింగ్ దాకా నడిపించి, నీడ కూడా లేని చోట నిలబెట్టి, టో ట్రక్ కోసం గంటన్నర ఎదురుచూశాం.

స్కానర్ పెడితే వచ్చిన కోడ్ పీ 0216. ఈ ఇంజిన్ వాడేవాళ్లకి ఈ నంబర్ చూస్తే గుండె జారుతుంది. ఇంజెక్షన్ పంప్ టైమింగ్ ఫెయిల్ అయిందని దానర్థం. ఇంజెక్షన్ పంప్ మార్చాలంటే వెయ్యి డాలర్లు పైమాటే, లేబర్ వేరు.

మెకానిక్ నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు: "ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ ఏది?" నా దగ్గర లేదు. పవర్ పెంచడానికి డబ్బులున్నాయి, గేజ్‌కి లేవు. తప్పు నాదే. మీరు చేయొద్దనే ఈ ఎపిసోడ్.

రెండు పంపులుంటాయి

చాలామందికి కన్‌ఫ్యూజన్ ఇక్కడే. డీజిల్ బండిలో సాధారణంగా రెండు పంపులు పని చేస్తాయి. ఒకటి లిఫ్ట్ పంప్. దీని పని ట్యాంకులోంచి డీజిల్‌ని ఇంజిన్ దాకా చేర్చడం, అంతే. ప్రెషర్ తక్కువ. రెండోది ఇంజెక్షన్ పంప్. అది ఆ డీజిల్‌ని చాలా ఎక్కువ ప్రెషర్‌తో ఇంజెక్టర్లకి కొడుతుంది.

మన ఊళ్లో ట్రాక్టర్ చూసినవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. డీజిల్ అయిపోయి ఇంజిన్ ఆగిపోతే, మళ్ళీ డీజిల్ పోసినా స్టార్ట్ కాదు. గాలి పట్టిందంటాం. అప్పుడు స్క్రూ లూజ్ చేసి, హ్యాండ్ ప్రైమర్ కొట్టి, బుడగలు పోయి శుభ్రంగా డీజిల్ వచ్చేదాకా ఆగుతాం. ఆ ప్రైమర్ ఉండేది లిఫ్ట్ పంప్ మీదే, లేదంటే ఫిల్టర్ దగ్గర.

1998 మధ్య నుంచి 2002 దాకా వచ్చిన ఈ రామ్ ట్రక్కుల్లో ఇంజెక్షన్ పంప్ పేరు వీపీ 44. బాష్ వాళ్ళది, ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న రోటరీ పంప్. దీన్ని చల్లబరిచేది డీజిలే, దీనికి లూబ్రికేషన్ కూడా డీజిలే. ఇంజిన్ ఆయిల్ దీనికి అందదు. దాని నెత్తిన ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి ఉంటుంది, దాన్ని కూడా కిందనుంచి పారే డీజిలే చల్లగా ఉంచాలి. అంటే లిఫ్ట్ పంప్ సరిగా డీజిల్ పంపకపోతే వీపీ 44 ఎండిపోయి, వేడెక్కి, లోపల లోపలే అరిగిపోతుంది.

అసలు మోసం ఇంకోటి ఉంది. వీపీ 44 లోపల సొంతంగా ఒక చిన్న వేన్ పంప్ ఉంటుంది. లిఫ్ట్ పంప్ పూర్తిగా చచ్చిపోయినా అది కొంతవరకు డీజిల్ లాక్కోగలదు. కాబట్టి బండి నడుస్తూనే ఉంటుంది! "బండి బాగానే పోతోంది కదా, పంప్ బాగుందిలే" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నా. చచ్చిన లిఫ్ట్ పంప్‌తో ఎన్ని నెలలు తిరిగానో నాకిప్పటికీ తెలీదు.

ముందు గేజ్, తర్వాతే పంప్

కాబట్టి షాపింగ్ లిస్టులో మొదటిది పంప్ కాదు, గేజ్. 0 నుంచి 30 పీఎస్ఐ దాకా చూపించేది చాలు. ఫిల్టర్‌కీ వీపీ 44కీ మధ్య కనెక్షన్ ఇవ్వాలి. ఫిల్టర్ ముందు పెడితే లాభం లేదు, ఫిల్టర్ జామ్ అయినా గేజ్ మాత్రం బాగుందనే చూపిస్తుంది.

ఈ ట్రక్కులు వాడేవాళ్ళు పాటించే లెక్క ఇది. ఐడిల్‌లో 14, 15 పీఎస్ఐ ఉంటే హాయి. లోడ్ మీద, ఫుల్ యాక్సిలరేటర్‌లో కూడా 10కి తగ్గకూడదు. 5 కిందకి పడిందంటే బండి పక్కన ఆపేయండి. అలాగని పైకి కూడా పోకూడదు. 20 దాటిస్తే వీపీ 44 ముందు సీల్‌కి ప్రమాదం. ఎక్కువ ప్రెషర్ ఉంటే ఎక్కువ మంచిదని అనుకోవద్దు.

ఒక జాగ్రత్త. మెకానికల్ గేజ్ కొని డీజిల్ ట్యూబ్‌ని నేరుగా క్యాబిన్లోకి లాగొద్దు. అది పగిలితే డీజిల్ మీ ఒళ్ళో పడుతుంది. ఐసోలేటర్ పెట్టండి, లేదా ఎలక్ట్రిక్ సెండర్ ఉన్న గేజ్ తీసుకోండి. సెండర్ ముందు ఒక చిన్న నీడిల్ వాల్వ్ లేదా స్నబ్బర్ వేస్తే ప్రెషర్ కొట్టుకోకుండా ముల్లు నిలకడగా ఉంటుంది, సెండర్ కూడా ఎక్కువ కాలం వస్తుంది.

ఎంత పెద్ద పంప్ కావాలి?

ఇక్కడ అందరం చేసే తప్పు ఒకటుంది. షాపులో 100, 150, 165, 200 అని నంబర్లు కనిపిస్తాయి. గంటకి ఎన్ని గ్యాలన్లు అని. అమెరికన్ గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. పెద్ద నంబర్ చూడగానే చేయి అటే పోతుంది. నాదీ 150కి పోయింది. ఇప్పుడు లెక్క వేద్దాం.

డీజిల్ ఇంజిన్ ఒక హార్స్ పవర్‌ని ఒక గంట ఇవ్వడానికి సుమారు 160 నుంచి 200 గ్రాముల డీజిల్ తాగుతుంది. 300 హార్స్ పవర్ అనుకోండి. ఫుల్ పవర్ మీద గంటంతా నడిపితే 48 నుంచి 60 కిలోలు. లీటర్ డీజిల్ 0.84 కిలోలు ఉంటుంది కాబట్టి దాదాపు 57 నుంచి 71 లీటర్లు. గ్యాలన్లలో 15 నుంచి 19. 500 హార్స్ పవర్ అయినా 25 నుంచి 31 గ్యాలన్లే.

మరి 100 గ్యాలన్ల పంప్ ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, పంప్ మీద రాసిన నంబర్ అడ్డు లేకుండా వదిలేస్తే వచ్చేది. ప్రెషర్ మీద, ఫిల్టర్ దాటి, సన్న పైపుల్లోంచి వెళ్లేసరికి అది బాగా తగ్గుతుంది. రెండు, వీపీ 44కి కాల్చే డీజిల్ ఒక్కటే సరిపోదు, చల్లబరచడానికి ఇంకా చాలా డీజిల్ దాని లోపల నుంచి పారి తిరిగి ట్యాంకుకి వెళ్ళాలి. ఆ రిటర్న్ వాల్వ్ తెరుచుకునేది 14 పీఎస్ఐ దగ్గర. అంతకంటే కింద నడిపితే చల్లదనం తగ్గిపోయినట్టే.

ఇవన్నీ కలుపుకున్నా, నాలాంటి చిన్న మార్పులు చేసిన ట్రక్కుకి 100 గ్యాలన్లది ధారాళంగా సరిపోతుంది. 150 కావాల్సింది ఇంకా పెద్ద పనులు చేయించినవాళ్లకి. అవసరానికి మించిన పంప్ ఏం చేస్తుందంటే, రోజంతా మిగిలిన డీజిల్‌ని తన రెగ్యులేటర్ గుండా తిప్పుతూ కూర్చుంటుంది. కరెంట్ ఎక్కువ, వేడి ఎక్కువ, చప్పుడు ఎక్కువ.

చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది?

పంపులు రకరకాలు. టర్బైన్ రకం చాలా సైలెంట్. అవి ట్యాంకు లోపల డీజిల్లో మునిగి ఉంటే అసలు వినపడవు. చిక్కేంటంటే, పాడైతే ట్యాంకు దించాలి లేదా వెనక బెడ్ లేపాలి. ఇంటి దగ్గరైతే సరే, హైవే మీదైతే కుదరదు.

వేన్ రకం ఓ మోస్తరు శబ్దం చేస్తుంది. ఈ ట్రక్కుకి ఫ్యాక్టరీ నుంచి వచ్చింది ఆ రకమే, ఇంజిన్ బ్లాక్‌కి బిగించి ఉంటుంది. ట్యాంకు ఎక్కడో వెనక, పంప్ ముందు. ఇంజిన్ వేడి, వైబ్రేషన్ రెండూ దానికి తగులుతాయి.

గేర్ లేదా జెరోటర్ రకం గట్టిది, బయట ఛాసిస్‌కి బిగిస్తారు, మార్చడం సులువు. ఎయిర్‌డాగ్, ఫాస్ లాంటి పేర్లు విని ఉంటారు, అవి ఈ కోవలోవే. డీజిల్లోని గాలిని వేరు చేసి ట్యాంకుకి పంపే ఏర్పాటు, పెద్ద ఫిల్టర్, వాటర్ సెపరేటర్ వాటిలో కలిసే వస్తాయి. కాకపోతే గేర్లు కాబట్టి కొంత కూత ఉంటుంది.

కొంత కూత అన్నా చూశారా, అక్కడే ఉంది. నాది కొంత కాదు. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క కారులో వాళ్ళు అద్దం దించి చూసేవాళ్ళు. క్యాబిన్లో మాట్లాడుకోవాలంటే అరవాలి. ఇంకా పెద్ద బాధ ఏంటంటే, ఒకసారి రోడ్డు మీద ఆగిపోయిన అనుభవం ఉంది కదా, ఆ కూత కొంచెం మారినా మా ఆవిడ సీట్ పట్టుకునేది. ఆ పంప్ పీకేసి ఇంకో కంపెనీది ఆర్డర్ పెట్టేశా కూడా.

అప్పుడే మా నాన్న ఇండియా నుంచి వచ్చారు.

నాన్న చెవి

మాది ప్రకాశం జిల్లా. నాన్న ముప్పై ఏళ్ళు ట్రాక్టర్ నడిపారు, రిపేర్లూ ఆయనే చేసుకునేవారు. ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొస్తుంటే దారంతా ఏం మాట్లాడలేదు. ప్రయాణం చేసి అలిసిపోయారేమో అనుకున్నా. ఇంటికొచ్చి బండి ఆపబోతుంటే, "ఉండరా, ఆపమాక" అని దిగి, కిందకి వంగి, ఒక చేయి ఛాసిస్ మీద, ఇంకో చేయి పంప్ మీద పెట్టి కాసేపు విన్నారు.

"ట్యాంకులో డీజిల్ ఎంతుంది?"

"పావు కంటే తక్కువ నాన్నా."

"నిండా ఉన్నప్పుడు కూడా ఇట్నే అరుస్తదా?"

ఆలోచించా. నిజమే, ఫుల్ ట్యాంకు మీద కూత తక్కువ. ఎనిమిది నెలల్లో నేను గమనించనిది అది.

"పంపుని ఎందుకు తిడతావు. గాలి పీలుస్తందది. ముందు గాలి సంగతి చూడు, తర్వాత కొత్త పంపు సంగతి" అన్నారు.

మర్నాడు పొద్దున ట్యాంకుకీ పంప్‌కీ మధ్య ఒక పారదర్శకమైన డీజిల్ గొట్టం ముక్క పెట్టి చూశాం. బుడగలు! సోడా కొట్టినట్టు వస్తున్నాయి.

దీని వెనక సైన్స్ సింపుల్. ఏ పంపైనా తోయడంలో గట్టిది, లాగడంలో బలహీనం. లాగేటప్పుడు పైపులో ప్రెషర్ పడిపోతుంది. పైపు సన్నగా, పొడుగ్గా, వంపులతో ఉంటే ఇంకా పడుతుంది. అప్పుడు డీజిల్లోంచే బుడగలు పుడతాయి, పంప్ లోపలికి వెళ్ళి ప్రెషర్ తగలగానే టపటపా పగులుతాయి. దీన్నే కావిటేషన్ అంటారు. గులకరాళ్ళు దొర్లినట్టు, కూసినట్టు వచ్చే శబ్దం అదే. శబ్దంతో పోదు, పంప్ లోపలి మెటల్‌ని కూడా కొరికేస్తుంది. అంటే చప్పుడు, మన్నిక వేర్వేరు సమస్యలు కావు. అరిచే పంప్ చాలాసార్లు చావబోయే పంప్.

మా బండిలో దొరికినవి నాలుగు.

ఒకటి, సక్షన్ వైపు గొట్టం క్లాంప్ లూజు. అక్కడ డీజిల్ కారదు, ఎందుకంటే అది లాగే వైపు. కారదు కాబట్టి కనపడదు, గాలి మాత్రం లోపలికి పోతుంది.

రెండు, ట్యాంకులో రిటర్న్ డీజిల్ పిక్-అప్ పక్కనే పడుతోంది. ట్యాంకు నిండుగా ఉంటే ఫర్వాలేదు. పావు కిందకి వస్తే నురగ లేస్తుంది, ఆ నురగనే పంప్ తాగుతుంది. దీనికి అడుగుదాకా వెళ్లే కొత్త పిక్-అప్ ట్యూబ్ వేశాం, రిటర్న్‌ని దూరంగా తిప్పాం. కొందరు ట్యాంకు అడుగున సంప్ పెడతారు, అదీ పని చేస్తుంది, కాకపోతే ట్యాంకుకి రంధ్రం పెట్టాలి.

మూడు, నేను పంప్‌ని క్యాబిన్ కిందే, ఛాసిస్‌కి నేరుగా బోల్ట్ వేసి బిగించా. ఛాసిస్ వీణ బుర్రలా ఆ శబ్దాన్ని పెంచి క్యాబిన్‌కి ఇస్తోంది. పంప్‌ని వెనక్కి, ట్యాంకు పక్కకి, ట్యాంకు అడుగు మట్టానికి దగ్గరగా జరిపాం. మధ్యలో రబ్బర్ ఐసోలేటర్లు వేశాం. పైపులు ఛాసిస్‌కి తగలకుండా రబ్బర్ ఉన్న క్లిప్పులు పెట్టాం.

నాలుగు, పాత సన్న పైపులు, బాంజో బోల్టులు. ఆ బోల్టుల్లో డీజిల్ వెళ్లే దారి చాలా ఇరుకు. అరంగుళం లైన్ వేసి, బాంజోలు తీసేశాం.

రెండు రోజుల పని. స్టార్ట్ చేశాం. కూత పోయింది, సన్నగా ఒక జుమ్‌మనే శబ్దం మిగిలింది. అది కూడా అద్దాలు మూస్తే వినపడదు. గేజ్ చూస్తే, ముందు ఫుల్ లోడ్ మీద 9కి పడేది, ఇప్పుడు 15 దగ్గర నిలబడింది. అదే పంప్! ఆర్డర్ పెట్టిన కొత్త పంప్ రిటర్న్ చేసేశా.

వైరింగ్‌లో ప్రాణం ఉంది

ఇది మాత్రం స్కిప్ చేయకండి. పెద్ద పంప్‌కి కరెంట్ ఎక్కువ కావాలి. ఫ్యాక్టరీ వైర్ నేరుగా ఇంజిన్ కంప్యూటర్ నుంచి వస్తుంది. దానికి పెద్ద పంప్ తగిలిస్తే కంప్యూటర్ కాలిపోవచ్చు. బ్యాటరీ నుంచి ఫ్యూజ్, రిలే ద్వారా కరెంట్ ఇచ్చి, ఫ్యాక్టరీ వైర్‌ని రిలేని ఆన్ చేయడానికి మాత్రమే వాడాలి.

కొందరు "ఎందుకంత గొడవ, ఇగ్నిషన్ స్విచ్‌కి కలిపేద్దాం" అంటారు. వద్దు. కంప్యూటర్ ద్వారా వెళ్తే ఇంజిన్ ఆగగానే పంప్ కూడా ఆగుతుంది. ఇగ్నిషన్‌కి కలిపితే యాక్సిడెంట్ అయి, పైపు తెగి, ఇంజిన్ ఆగినా, పంప్ మాత్రం డీజిల్ చిమ్ముతూనే ఉంటుంది. కీ తిప్పడానికి మీరు స్పృహలో ఉంటారన్న గ్యారంటీ ఏముంది? వెనక సీట్లో పాప ఉన్న బండి అది. నేను ఆ షార్ట్‌కట్ తీసుకోలేదు, మీరూ తీసుకోవద్దు.

ఇంకోటి, ఎర్త్ వైర్ బాగుండాలి. పంప్ నడుస్తున్నప్పుడు దాని టెర్మినల్స్ దగ్గరే మల్టీమీటర్ పెట్టి చూడండి. బ్యాటరీ దగ్గర 14 వోల్టులుండి పంప్ దగ్గర 11 ఉంటే పంప్‌ది కాదు లోపం, వైర్లది.

మీ ట్రక్ వేరే అయితే

1994 నుంచి 1998 మధ్య దాకా వచ్చిన 12 వాల్వ్ కమిన్స్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. దాని ఇంజెక్షన్ పంప్‌కి ఇంజిన్ ఆయిల్ అందుతుంది, లిఫ్ట్ పంప్ కూడా క్యామ్‌షాఫ్ట్ మీద నడిచే మెకానికల్ రకం. 2003 నుంచి వచ్చింది కామన్ రైల్. మొదట వచ్చినవాటిలో రైల్ ప్రెషర్ 1600 బార్ దాకా పోతుంది. దాని సీపీ 3 పంప్ గట్టిదే, కానీ దానికీ లూబ్రికేషన్ డీజిలే. అక్కడ ప్రెషర్‌తో పాటు ఫిల్టర్ శుభ్రత ఇంకా ముఖ్యం, చిన్న నలుసు కూడా ఇంజెక్టర్లని తినేస్తుంది.

ఇండియాలో చూస్తున్న తమ్ముళ్ళకి ఒక మాట. అక్కడ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడానికి మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డు ఉంది. నేను చేసినవన్నీ చూసి మీ బండికి చేయొద్దు. కానీ గాలి పీల్చే గొట్టం, లూజ్ క్లాంప్, జామ్ అయిన ఫిల్టర్ మాత్రం ట్రాక్టర్‌కైనా, బొలెరోకైనా ఒకటే జబ్బు.

ఒక్కసారి గుర్తు చేసుకుందాం

గేజ్ లేకుండా పవర్ పెంచొద్దు. హార్స్ పవర్ లెక్క వేసి పంప్ సైజ్ ఎంచుకోండి. రోడ్డు మీద విప్పి మార్చగలిగేది, ఫిల్టర్లు ఏ ఊళ్లోనైనా దొరికేది తీసుకోండి. ట్యాంకు దగ్గర, కింద, రబ్బర్ మీద బిగించండి. అరిస్తే వెంటనే మార్చేయకుండా, ముందు బుడగలు చూడండి.

నాన్న పోయిన నెల తిరిగి వెళ్లారు. ఎయిర్‌పోర్ట్‌కి అదే ట్రక్‌లో దింపా. దారంతా పాప ఆయనకి కథలు చెప్తూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నారు. క్యాబిన్లో ఎవరూ అరవాల్సిన పని లేదు. దిగేటప్పుడు బ్యానెట్ మీద ఒకసారి తట్టి, "ఇప్పుడు బాగుందిరా బండి" అన్నారు. నాకదే సర్టిఫికెట్.

మీ బండి ఏ మోడల్, గేజ్ ఎంత చూపిస్తోంది, ఐడిల్‌లో ఎంత, లోడ్‌లో ఎంత, కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఫిల్టర్ కోసి లోపల ఏం దొరుకుతుందో చూపిస్తా. అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి. ఉంటా మరి, నమస్తే.